వీరబాబు కుడి మణికట్టు

రాజోలు చుట్టుపక్కల కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళు వందలమంది ఉన్నారు. వీరబాబులా ఒలిచినవాడు మాత్రం లేడు. నేలలో పాతిన గునపం మొన మీద కాయ గుచ్చి, మణికట్టు మూడుసార్లు వంచి విరిస్తే పీచు డొక్క విడిపోయేది. నాలుగో విరుపు అతనికి నామోషీ. రోజుకు రెండు వేల కాయలు. తొంభై మూడులో పందెం కట్టి, పొద్దు వాలేలోగా రెండు వేల ఆరు వందలు ఒలిచాడు. చదివింది మూడో తరగతే అయినా ఈ లెక్కలన్నీ అడిగినవాడికీ అడగనివాడికీ అప్పజెప్పేవాడు.

తొంభై ఆరు తుపానుకు కూలిన చెట్లు తీస్తూ, తడి మొద్దు మీంచి జారి అరచెయ్యి ఆనించి పడ్డాడు. బొటనవేలి మొదట్లో పోటు. బెణుకేనని ఆముదం రాయించుకుని గుడ్డ చుట్టుకున్నాడు. వాపు తగ్గింది, పోటు తగ్గలేదు. ఆ పోటుతోనే అయిదేళ్ళు ఒలిచాడు. చివరికి కాయ గుచ్చగానే చెయ్యి పట్టు వదిలేయసాగింది. రోజుకు ఆరు వందలు ఒలవడమే గగనమైంది.

భార్య గంగాదేవి పోరగా పోరగా కాకినాడ వెళ్ళాడు.

"ఎన్నాళ్ళ నుంచి నొప్పి?" అనడిగాడు డాక్టరు.

"తుపాను తర్వాత ఇరవై లక్షల పైమాటే ఒలిచేనండి."

డాక్టరు నవ్వలేదు. ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తి చూపించాడు. మణికట్టులో జీడిపప్పులా ఉండే చిన్న ఎముక రెండు ముక్కలై ఉంది.

"ఇందులో ఒక ముక్క రక్తం అందక చచ్చిపోయింది. ఉత్త ఎముక పెడితే అతకదు. పక్క ఎముకలోంచి చిన్న ముక్కని, దాని రక్తనాళం తెగకుండా తీసి ఇక్కడికి తిప్పి పెడతాం."

"మొక్కని మట్టిగడ్డతో తీసి నాటినట్టాండీ?"

"అంతే. నాటినదాన్ని కదిపితే ఏమవుతుందో నీకే తెలుసు. పన్నెండు వారాలు పిండికట్టు. నేను విప్పేదాకా ఆ చెయ్యి నాది, నీది కాదు."

"ఆయ్" అని తలూపాడు వీరబాబు.

ఆపరేషను బాగానే జరిగింది. ఎనిమిదో వారం ఎక్స్‌రేలో ఎముక అతుకుతున్న జాడ కూడా కనిపించింది.

ఒలుపు ముఠాలో ఎవరి గునపం వారిది, ఎవరి చోటు వారిది. కొత్త కాయల రాశి పడిన రోజు తన గునపం మీద తొలికాయ ఎవరికివారే ఒలవాలి. లేదంటే ఆ చోటు ఇంకొకడిది. తొమ్మిదో వారంలో రాశి పడింది.

పదిహేనేళ్ళుగా పక్కన నిలబడి ఒలిచిన యేసురత్నం ఇంటికొచ్చాడు. "అన్నా, నీ తొలికాయ నేను ఒలుస్తాలే. ముఠా మేస్త్రీ సరేనన్నాడు."

"నా గునపం మీద నీ నాలుగు విరుపుల కాయా?"

"ఇంకో మూడు వారాలేనయ్యా" అంది గంగాదేవి.

"ఒక్క కాయే" అన్నాడు.

బకెట్లో కట్టు నానబెట్టి కొడవలితో కోసేసుకున్నాడు. తొలికాయ మూడు విరుపుల్లో విడింది. "చెయ్యంటే వీరబాబుదేరా" అన్నాడు మేస్త్రీ. ఆ మాటకు రెండో కాయ అందుకున్నాడు. పదకొండో కాయ దగ్గర లోపల ఏదో జారింది. పెద్దగా నొప్పి లేదు. అందుకే భయం వేసింది.

డాక్టరు కొత్త ఎక్స్‌రేని పాతదాని పక్కన పెట్టి చూపించాడు.

"పెట్టిన ముక్క జారి చచ్చిపోయింది. ఇక మణికట్టు ఎముకలన్నీ కలిపి బిగించేయడమే. నొప్పి పోతుంది. చెయ్యి వంగదు."

"మూడుసార్లయినా వంగదాండీ?"

"ఒక్కసారి కూడా."

ఆ రెండో ఆపరేషను గాయం మానాక వీరబాబు తన గునపం తెచ్చుకోవడానికి వెళ్ళాడు. ఎడమ చేత్తో లాగాడు. ఏళ్ళ తరబడి నేలలో దిగిన ఇనుము కదల్లేదు. ముఠా అంతా తలలు వంచుకుని పనిచేస్తున్నారు.

"నేను లాగనా అన్నా?" అన్నాడు యేసురత్నం.

వీరబాబు పక్కకు తప్పుకున్నాడు. గునపం బయటికొచ్చాక ఆ గుంట వైపు చూపించాడు. "నీది ఇక్కడ పాతుకో. నేల గట్టిగా ఉంటది."

యేసురత్నం పాతుకుని కాయ గుచ్చాడు. అది నాలుగు విరుపుల్లో విడింది. వీరబాబు మనసులోనే లెక్కపెట్టుకున్నాడు.