అత్త నిద్ర చెడకుండా రెండు బ్యాటరీలు మార్చిన ప్రయాణం

జీపు వెనక తగిలించుకుని తిరిగే ఇల్లు ఒకటి నాకుంది. అనంతపురంలో ఒక వెల్డరు నెలల తరబడి నిప్పురవ్వల మధ్య తపస్సు చేసి దాన్ని కట్టాడు. లోపల మంచం, గ్యాసు పొయ్యి, రెండు కిటికీలు, నెత్తి మీద ఫ్యాను. నా దృష్టిలో అది మహారాజుల రథం. మా అత్త దృష్టిలో అది డబ్బా.

ఆ రథానికి ప్రాణం మంచం కింద జంటగా ఉన్న రెండు బ్యాటరీలు. వాటికి ఐదేళ్ళు నిండాయి. మనుషుల్లో అయితే మనవళ్ళ పెళ్ళిళ్ళు చూసిన వయసు. “మార్చెయ్యి” అని నా భార్య శారద ఉగాది నుంచి పోరుతోంది. బయలుదేరే రోజు పొద్దున కూడా నేను మీటరు పెట్టి చూపించాను. పన్నెండున్నర ఓల్టులు, రాయిలా నిలబడి ఉన్నాయి. “ఇవి మనిద్దరికంటే ఎక్కువ కాలం బతుకుతాయి” అని ప్రకటించాను.

ఈ ప్రయాణానికి కారణం మా అత్తే. ఆమె ఉండేది బత్తలపల్లెలో. ఆమె చెల్లెలు తిమ్మక్క మడకశిర పక్క పల్లెలో ఉంటుంది. అక్కాచెల్లెళ్ళు కళ్ళారా చూసుకుని నాలుగేళ్ళయింది. అత్త మోకాళ్ళు బస్సు మెట్లెక్కనివ్వవు, నడుము కారులో కూర్చోనివ్వదు. పడుకుని పోయే బండి భూమండలం మొత్తం మీద నా దగ్గరే ఉంది. ఆమె ఒప్పుకుంది కానీ షరతు పెట్టింది.

“అన్నం తిన్నంక ఫ్యాను లేకుంటే నాకు కన్ను మూతబడదు అల్లుడా. అది ఒక్క తూరి నిలిచిందనుకో, ఆడనే దిగి ఇంటికి పోతా. మళ్ళా నీ డబ్బాలో కాలు పెట్టేదే లేదు.”

ఇద్దరు ముసలి అక్కాచెల్లెళ్ళు ఈ జన్మలో మళ్ళీ కలవడమన్నది నా ఫ్యాను రెక్కలకు వేలాడుతోందన్నమాట.

ఏప్రిల్ నెల. పొద్దున ఆరున్నరకు అనంతపురంలో బయలుదేరి, ఏడుంబావుకు బత్తలపల్లెలో అత్తను ఎక్కించుకున్నాం. పీట వేసి, నేను ముందు నుంచి లాగి, శారద వెనక నుంచి నెట్టి, కోట గోడ మీదికి ఫిరంగి ఎక్కించినట్టు ఎక్కించాం. చెల్లెలికని తెచ్చిన ఓళిగల డబ్బాను, అంటే బొబ్బట్ల డబ్బాను, ఆమె ఒళ్ళోంచి దించలేదు. ధర్మవరంలో బొరుగుల ఉగ్గాని, బజ్జీ. మూడు ప్లేట్లు నూరు రూపాయల పైమాటే గానీ, ఆ మిరపకాయ బజ్జీ తిన్నవాడికి మధ్యాహ్నం దాకా వేరే ఇంధనం అక్కర్లేదు. వెనక ఇల్లు తగిలించుకుని ఇదే దారిన వచ్చేవాళ్ళకు ఒక మాట: హోటలు ముందు బండి సందులోకి దూర్చకండి. నేను దూర్చి, వెనక్కి తీసేసరికి సగం ధర్మవరం నాకు దారి చెప్పింది, ఒక్కొక్కరు ఒక్కో దిక్కు.

చెన్నేకొత్తపల్లె దాటాక ఇంజను చల్లబడటానికి ఆగాం. ఒక గొర్రెల కాపరి పొట్టేలును భుజాన వేసుకుని పరుగున వచ్చాడు. పశువుల ఆసుపత్రి బండి అనుకున్నాడు.

“డాక్టరు సారు యాడున్నాడన్నా? ఇది కుంటుతాండాది.”

నేను నోరు తెరిచేలోపే కిటికీలోంచి అత్త తల బయటికొచ్చింది. “సారు లేడు, నేనుండా. గిట్టలో ముల్లు చూసినావా?”

అతను చూశాడు. తుమ్మముల్లు. పీకేశాడు. పొట్టేలు నాలుగు కాళ్ళ మీద నిలబడింది. “ఫీజెంతమ్మా?” అని అతను అడిగితే, “పోయిరా నాయనా, ఇది సర్కారు బండి” అంది మా అత్త. ఆ తర్వాత పెనుకొండ దాకా ఆమె ముఖంలో ఉన్న దర్జా ఏ కలెక్టరు ముఖంలోనూ నేను చూడలేదు.

పెనుకొండ దాటాక చింతచెట్ల నీడన భోజనం. రాగి సంగటి, అందులోకి చెనిక్కాయల పచ్చడి ఊరిబిండి. ఎండ ఎలా ఉందంటే, రోడ్డు మీద మా నీడలు కూడా మమ్మల్ని వదిలి చెట్టు కిందికి పోయాయి. ఒంటిగంటకు అత్త పడుకుంది, ఫ్యాను తిరిగింది, గురక మొదలైంది. అరగంట గడిచిందో లేదో ఫ్యాను పాట మారింది. గాలి పోయి మూలుగు మిగిలింది. పిల్లిలా వెళ్ళి మీటరు పెట్టాను. ఒక బ్యాటరీ పదకొండు కిందికి జారిపోయింది. పొద్దున అది పన్నెండున్నర చూపించినప్పుడు దాని నెత్తిన ఏ బరువూ లేదు. కూర్చున్నంతసేపూ ఎవడైనా పహిల్వానే.

“చెప్తినా లేదా?” అంది శారద, గొంతు పెంచకుండానే నన్ను నిలువునా కోస్తూ.

“మడకశిర అరగంట. జీపు నడిచినంతసేపు ఫ్యానుకు జీపే కరెంటు ఇస్తుంది. పద.”

మడకశిర బజార్లో బ్యాటరీ అంగడి ముందు, వేపచెట్టు కింద, ఇంజను ఆపకుండా బండి నిలిపాను. అంగడాయన పేరు బసవరాజు. పెన్సిలు మీసం, గట్టి గొంతు.

“ఒకటే పోయింది, ఒకటే మార్చప్పా” అన్నాను.

“ఆ పని నేను చేయనన్నా. ముసలెద్దు పక్కన కోడెను కట్టినావనుకో, ముసలిది నడవదు, దాన్నీ లాగి లాగి కోడె కూడా ముసలిదైతాది. రెండూ మారుస్తాను. ఫ్యాను ఆపు.”

“ఆపితే మా అత్త లేస్తుంది.”

“లేస్తే ఏమయితాదన్నా?”

“లేస్తే చెల్లెల్ని చూడకుండానే ఇంటికి పోతాది” అంది శారద. “మళ్ళా జన్మలో రాదు.”

బసవరాజు కిటికీలోంచి అత్తను తొంగి చూశాడు. “మా ఇంట్లో కూడా ఒక అత్త ఉండాది” అని గొణిగి, చెప్పులు విడిచి, గొంతు సగానికి తగ్గించాడు.

మంచం కింద బయటివైపు వెల్డరు ఒక చిన్న తలుపు పెట్టాడు. అది తీస్తే బ్యాటరీలు చేతికందుతాయి. సరిగ్గా వాటిపైన, జానెడు ఎత్తులో, అత్త నిద్రపోతోంది. జీపు నుంచి జంపరు వైర్లు తెచ్చి ఫ్యాను తీగలకు పట్టించాం. ఇక ఫ్యాను జీపుది, బ్యాటరీలు మావి. శారద లోపల కావలి కూర్చుంది. బసవరాజు మైనస్ తీగ ముందు విప్పాడు, ప్లస్ కొసకు గుడ్డ చుట్టాడు. స్పానరు శబ్దం రాకుండా నా తువ్వాలు అడ్డం పెట్టాడు. చంద్రుడి మీద దిగినవాళ్ళు కూడా ఇంత మెల్లగా దిగి ఉండరు. మొదటిది బయటికొచ్చింది, కొత్తది లోపలికి పోయింది. రెండోది లాగుతుండగా నా మోచెయ్యి తగిలి జంపరు కొక్కెం జారింది.

ఫ్యాను నీరసపడింది. తిరిగి, తిరిగి, నిలిచింది.

గురక ఆగింది.

కిటికీలోంచి చూస్తే శారద చీర కొంగు రెండు చేతులా పట్టుకుని, తుఫానులో తెరచాపలా, తల్లి ముఖం మీద గాలి కురిపిస్తోంది. అత్త కనురెప్పలు కదిలాయి. నేను కొక్కెం పట్టుకుని వెతుకుతున్నాను. నా చేతులకు వేళ్ళు ఇరవై ఉన్నాయనీ, ఒక్కటీ పనికిరాదనీ అప్పుడే తెలిసింది. బసవరాజు నా మణికట్టు పట్టుకుని సరైన చోట నొక్కాడు. చిటుక్కుమంది. ఫ్యాను కదిలింది.

ఒకటి, రెండు ఊపిర్లు. తర్వాత గురక, మునుపటికంటే ఒక శ్రుతి పైన.

రెండో కొత్తదీ లోపలికి పోయాక బసవరాజు, నేను ఒకరినొకరు కావలించుకున్నాం. ఆయన కొత్త బ్యాటరీల బిల్లులో కూలి వేయలేదు. “ఈ పనికి నేనే నీకు దుడ్లియ్యాల్లన్నా, ఇట్లాంటిది ఎప్పుడూ చేయలే” అన్నాడు.

నాలుగింటికి తిమ్మక్క వాకిట్లో ఆగాం. ఓళిగల డబ్బాతో దిగిన అక్కను చెల్లెలు ఎగాదిగా చూసింది. “ఎంత ముసలిదానివైనావే అక్కా!”

“నువ్వు మాత్రం పెండ్లికూతురివా?” అంది అత్త. ఇద్దరి చేతులూ ఆ రాత్రి అన్నం తినేదాకా విడిపోలేదు.

మర్నాడు సాయంత్రం తిరుగు ప్రయాణం. చెల్లెల్ని కూడా బత్తలపల్లెకు రమ్మని అత్త పట్టుపట్టింది. తిమ్మక్క బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఫ్యానును అనుమానంగా చూసి, “దారిలో ఇది నిలిస్తే నాకు ఊపిరాడదు, నేను రాను” అంది.

“నిలవదు” అంది అత్త. “బత్తలపల్లె నించి ఈడిదాకా ఒక్క తూరి కూడా నిలవలే. ఐదేండ్ల బ్యాటరీలంట! మా అల్లుడు ఊరికే మాట చెప్పే మనిషి కాదు. ఎక్కు.”

తిమ్మక్క ఎక్కింది. నేను శారద వైపు చూడలేదు. శారద ఎటు చూసిందో కూడా నాకు తెలియదు.

బ్యాటరీలు ఎప్పుడు మార్చాలని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే, పొద్దున మీటరు ఏం చెప్పిందో నమ్మవద్దంటాను. బరువు పెట్టి అరగంట చూడండి. జారితే, జంటగా మార్చండి. ఫ్యాను గాలి కింద ఎవరు నిద్రపోవాలో వాళ్ళను ఎక్కించుకోక ముందే మార్చండి. నాలా మార్చగలిగేది తరానికి ఒక్కడే పుడతాడు.

మడకశిర దాటేసరికి మబ్బు పట్టి నాలుగు చినుకులు రాలాయి. ఏడాదికోసారి దారి తప్పి వచ్చే చల్లగాలి ఆ రోజే మా మీద వీచింది. పెనుకొండ దగ్గర దిగి వెనక తలుపు తీశాను. అక్కాచెల్లెళ్ళు ఒకే మంచం మీద, ఒకే కంబళి గొంతు దాకా కప్పుకుని వణుకుతున్నారు. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

“చలిగా ఉన్నట్టుంది కదత్తా, ఆపేదా?” అన్నాను.

“ఏమప్పా, దాని పాటికి అది తిరుగుతాంటే నీకేం కష్టం?” అంది అత్త. “ఇంకో కంబళి ఉంటే ఇట్లా ఇయ్యి.”