సముద్రం కోసం ఆపిన లైట్లు

మా సంఘం సమాధుల తోట సముద్రానికి దగ్గరని ఎవరైనా అంటే నా చిన్నప్పుడు నవ్వేవారు. తోట దాటాక సరుగుడు చెట్లు, వాటి వెనక ఇసుక దిబ్బలు, ఆ తర్వాత వలలు ఆరేసుకునే మైదానం, ఆ పైన సముద్రం. తొంభైలలో మా నాన్నగారి పెట్టెను మోసుకెళ్ళిన వాళ్ళకి కెరటాల చప్పుడు వినబడింది గాని నీళ్ళు కనబడలేదు. నాన్నగారు రేవులో పంటు నడిపేవారు. మనుషుల్నీ సైకిళ్ళనీ కొబ్బరికాయల బస్తాలనీ గోదావరి పాయ దాటించడం ఆయన పని. ఆయన పక్కన అమ్మ తనకోసం చోటు ఉంచుకుంది. అక్కడ ఇంకెవర్నీ పెట్టకూడదని సంఘ పెద్దల్ని ముందే ఒప్పించింది.

ఏటా ఈస్టరు ముందు రోజు మేము సమాధులకి సున్నం వేస్తాం. తెల్లవారుజామున అక్కడే కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతాం. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, పునరుత్థానం గురించి వాక్యం చెబుతారు. నాన్నగారి సమాధికి సున్నం అమ్మే వేసేది. వేశాక పక్కనున్న ఖాళీ ఇసుకలో గడ్డి పీకేది. ఇంటి వాకిలి శుభ్రం చేసుకున్నట్టే చేసేది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకి, ఒక ఈస్టరుకి మేము సున్నం బక్కెట్లతో వెళ్ళేసరికి సరుగుడు చెట్లు సగం లేవు. రొయ్యల చెరువుల కోసం కొన్నిటిని కొట్టేశారు. మిగిలినవి వేళ్ళతో సహా నీళ్ళలో వాలి ఉన్నాయి. తోట గోడ మీద నిలబడితే కెరటాల తెల్లటి నురగ కనబడింది. అమ్మ దాన్ని చూసింది. ఆ రోజు సున్నం రెండు పూతలు వేసింది.

తరువాతి ఆదివారమే అయ్యగారు ఆ సంగతి ఎత్తారు. ఆయన అప్పుడే రాజమండ్రిలో పాస్టర్ల కూటానికి వెళ్ళి వచ్చారు. మనం వాడే కరెంటు కోసం ఎక్కడో బొగ్గు కాలుస్తున్నారనీ, ఆ వేడికి మంచు కరిగి సముద్రాలు పొంగుతున్నాయనీ అక్కడ ఎవరో చెప్పారట. దేవుడు మన చేతికి అప్పగించిన భూమిని మనమే పాడు చేస్తున్నామని ఆయన కన్నీళ్ళతో చెప్పారు. ప్రతి శనివారం సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా ప్రతి ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, టీవీలు ఆపి ప్రార్థన చేసుకోవాలన్నారు. దానికి వెలుగు ఉపవాసం అని పేరు పెట్టారు.

మాకు ఉపవాసం కొత్త కాదు. జబ్బు చేసినా, పడవ తిరిగి రాకపోయినా, గల్ఫు వీసా ఆగిపోయినా మేము మొదట చేసేది ఉపవాస ప్రార్థనే. ఒక పట్టణమంతా రాజుతో సహా గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చుంటే దాని మీదికి రావలసిన నాశనం ఆగిపోయిన కథ నేను సండే స్కూల్లో పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను. సంఘం ఆ ఆదివారం ఒక్క గొంతుతో ఆమేన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది మా అమ్మ.

మొదటి శనివారం వచ్చింది. ఏడయ్యింది. అమ్మ స్విచ్చి దగ్గరికి వెళ్ళి చెయ్యి ఎత్తి అలాగే ఆగిపోయింది. లైటు అప్పటికే లేదు. ఆ వేసవంతా మా ఊరికి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా కరెంటు కోత. ఆ సంగతి ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా ఆదివారం ఆమేన్ అన్నప్పుడు మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

మరునాడు ఆరాధన అయ్యాక గుడి అరుగు మీద అదే గోల. మా వీధిలో కిరాణా కొట్టు పెట్టుకున్న ఒక సంఘ పెద్ద మొదలెట్టాడు.

"ఇంకేటండి అయ్యగారూ, కరెంటోళ్ళు మనకన్నా భక్తిపరులండి. రోజూ రెండేసి గంటలు ఉపవాసం పట్టించేత్తన్నారు."

"నవ్వులాటకి కాదండి," అన్నారు అయ్యగారు.

"నవ్వులాట ఏముందండి, లేని కరెంటు ఆపడం ఎలాగో చెప్తే ఆపుతామండి. ఆయ్."

అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఆడవాళ్ళ వరుసలోంచి లేచి నిలబడి చెప్పింది.

"అయ్యగారండీ, బైబిల్లో ఆ రైతు బలికి తన కళ్ళం ఊరికే ఇచ్చేత్తానంటే రాజుగారు పుచ్చుకున్నారాండీ? నాకు ఖర్చు కానిది దేవుడికి బలి ఇవ్వనన్నారు. మనం కూడా ఉన్నదే ఇవ్వాలండి. ఎనిమిదింటికి కరెంటు వచ్చేక ఆపుదామండి."

కొట్టు పెద్దాయన ముఖం మాడిపోయింది. "అంటే ఆరు నుంచి తొమ్మిది దాకా చీకట్లోనేనా అక్కగారూ? నా ఫ్రిజ్జులో పాలపేకెట్లు ఏం గావాలి?"

"పాలు విరక్కముందే తోడేసి మజ్జిగ చేసుకోండి తమ్ముడుగారూ," అంది అమ్మ.

వాక్యం తెలిసిన సంఘం మాది. రాజు కథ ఎత్తాక ఎదురు చెప్పే దారి లేదు. ఉపవాసం ఎనిమిదికి మారింది. ఊళ్ళో మిగతా వాళ్ళు కరెంటు రాగానే హమ్మయ్య అని ఫ్యాన్లు వేసుకునే సమయానికి మా వీధిలో వాళ్ళం చేతులారా ఆపుకుని ఇంకో గంట ఉక్కలో కూర్చునేవాళ్ళం. దోమలు కుట్టేవి. పిల్లలు ఏడ్చేవారు. అది మాకు గొప్పగా ఉండేది. ఖర్చు అవుతోంది కదా, ఇది నిజమైన బలే అనుకున్నాం.

అలాంటి ఒక శనివారం సంఘమంతా గుడిలో కూడింది. సరిగ్గా ఎనిమిదికి అయ్యగారు లైట్లు ఆపించారు. చీకటి పడాలి. పడలేదు. పడమటి కిటికీల్లోంచి నారింజ రంగు వెలుతురు వచ్చి గోడ మీద, బల్ల మీద, మా ముఖాల మీద కదలసాగింది. అది కొబ్బరి తోటల అవతల గ్యాసు బావి మంట. ఎత్తైన గొట్టం చివర రాత్రీ పగలూ మండుతూనే ఉండేది. మేము దాన్ని ఏళ్ళ తరబడి చూస్తున్నాం. అలవాటైపోయి చూడడం మానేశాం. మా లైట్లు ఆపుకున్నాకే అది ఎంత పెద్దదో తెలిసింది.

ఆ రోజు వాక్యం చదవాల్సింది అమ్మ. ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆ మంట వెలుతురులో గ్రంథం తెరిచి, కళ్ళద్దాలు సర్దుకుని తడుముకోకుండా అధ్యాయం మొత్తం చదివింది. పూర్తయ్యాక ఎవరూ ఆమేన్ అనలేదు. వెనక వరసలోంచి ఎవరో ఆడమనిషి మెల్లగా అంది: "వీధంతా కలిపి ఏడాది ఆపినా అక్కడ ఒక పూట మండేదానికి సరిపోద్దాండీ?"

లెక్క మా ఎవరికీ తెలియదు. తెలియకపోయినా ఆ వెలుతురులో లెక్క అక్కర్లేకుండానే తెలిసిపోయింది.

ఇంటికి వస్తూ నేను అమ్మనడిగాను, ఇంకా ఆపుదామా అని.

"అది ఆళ్ళ పాపం. ఇది మన మొక్కుబడి," అంది. "ఆయన మన చేతులు చూత్తాడు గాని గొట్టాలు చూడడు."

నేను నమ్మాను. నమ్మడం నాకు చిన్నప్పటి నుంచి వచ్చిన విద్య.

ఆ వర్షాకాలంలో మా చిన్నాన్నగారు వచ్చారు. నాన్నగారి తమ్ముడు, రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం. సమాధుల తోట చూసి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే అరుగు మీద కూలబడ్డారు.

"వదినా, గోడ పడిపోయింది. ఇంక అన్నయ్యకీ సముద్రానికీ మధ్య నాలుగు సమాధులు కూడా లేవు. అయ్యగారి చేత ప్రార్థన చేయించి ఎముకలు తీయించేద్దాం. రోడ్డు వైపు ఎక్కడైనా మంచి చోట పెట్టుకుందాం. నీ చోటు కూడా ఆ పక్కనే చూసుకోవచ్చు."

"తీయించేదుంటే ఉపవాసం ఎందుకు బాబూ?"

"ఉపవాసం మానమన్నానా? చేసుకో. లైటు ఆపుకో, ఫ్యాను ఆపుకో, కావాలంటే పొయ్యి కూడా ఆపుకో. అది సముద్రం వదినా. దానికి మన స్విచ్చి ఎక్కడుందో తెలీదు."

"నీకు విశ్వాసం లేదు."

"నాకు కళ్ళున్నాయి."

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. చిన్నాన్నగారు నావైపు తిరిగి, "నువ్వైనా చెప్పవేం అమ్మా," అన్నారు. నేను చెప్పాను. అమ్మ వినలేదు. సంఘమంతా ఒకటిగా అడుగుతుంటే తానొక్కర్తీ వెళ్ళి పెట్టె తవ్వించడం దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేయడమేనంది. చిన్నాన్నగారు అయ్యగారి దగ్గరికి కూడా వెళ్ళారు. అయ్యగారు మంచివారు. తీయమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ప్రార్థనలో పెడదామన్నారు.

ఆ కాలాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు కనబడేది ఇదే. ఉపవాసం సముద్రాన్ని ఆపలేదు సరే. ఇంకో పని కూడా చేసింది, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. తీరానికి రాళ్ళు వేయించమని అమలాపురం వెళ్ళి అర్జీ పెడదామని పక్క ఊరి చేపల వాళ్ళు వచ్చి పిలిచారు. మా వాళ్ళలో కదిలిన వాళ్ళు తక్కువ. మేము చేస్తున్నాం కదండీ, శనివారం శనివారం చేస్తున్నాం కదండీ, అన్నారు. సరుగుడు నరికి రొయ్యల చెరువులు తవ్విన వాళ్ళలో మా సంఘస్థులూ ఉన్నారు. వాళ్ళూ శనివారం లైట్లు ఆపేవారు. ఆపి, పశ్చాత్తాపపడి, తొమ్మిదింటికి లేచి చెరువుల మీద డీజిలు ఇంజన్లు వేసుకోవడానికి వెళ్ళేవారు. వాళ్ళు కపటులు కారు. వాళ్ళ ప్రార్థనల్లో కన్నీళ్ళు నేను చూశాను. గంటసేపు చీకట్లో కూర్చుంటే గుండె తేలికవుతుంది. తేలికైన గుండెతో మనిషి ఎప్పటి పనికే వెళ్తాడు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు తలుపులు తెరవలేదు. గాలి తగ్గిన ఉదయం అమ్మ, నేను, వీధిలో కొందరం సమాధుల తోటకి బయలుదేరాం. దారి సగంలోనే ఆగిపోయింది. మిగతా సగం లేదు. తోట ఉన్న చోట బురద రంగు నీళ్ళు నింపాదిగా వచ్చి పోతున్నాయి. సిమెంటు సిలువ ఒకటి పక్కకి ఒరిగి కనబడింది, అది మాది కాదు. అమ్మ చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని నీళ్ళలోకి మోకాళ్ళ దాకా దిగింది. ఎటు వెళ్ళాలో తెలియక అక్కడే నిలబడింది. నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

ఆ ఆదివారం అయ్యగారు ఇంటికి వచ్చారు. సముద్రం ఒకనాడు తనలో ఉన్న మృతుల్ని అప్పగిస్తుందని వాక్యంలో ఉందని అమ్మకి గుర్తు చేశారు. అమ్మకి ఆ వాక్యం ఆయనకంటే బాగా తెలుసు.

"అప్పగిత్తాదండి. నమ్ముతాను," అంది. "అందాకా నేను ఎవరి పక్కన పడుకోవాలండి?"

అయ్యగారు తల వంచుకుని కాఫీ తాగకుండానే లేచారు.

వెలుగు ఉపవాసం మానేద్దామని ఎవరూ అనలేదు. ఒక్కో ఇల్లే మానేసింది. కొట్టు పెద్దాయన అందరికంటే ముందు. మేము ఇంకొంతకాలం లైట్లు ఆపాం. ఆ గ్యాసు మంట వెలుతురు గది గోడ మీద ఆడుతుంటే నాకు ప్రార్థన వచ్చేది కాదు. దేవుడు ఉన్నాడనే నేను ఇప్పటికీ నమ్ముతాను. కాని భూమిని ఆయన మా చేతికి అప్పగించినా, మా చేతుల్లో స్విచ్చి ఒక్కటే మిగిలేలా చేసినవాళ్ళు వేరే ఉన్నారనీ, దాన్ని నొక్కడమే మా వంతు అనుకుని మేము సంతోషించామనీ ఇప్పుడు తెలుస్తోంది. తెలిసినందువల్ల ఒరిగేదేమీ లేదు. మంట మండుతూనే ఉంది. నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

తరువాతి ఏడాది సంఘానికి రాజోలు రోడ్డు వైపు కాలవ పక్కన కొత్త స్థలం దొరికింది. సమాధులు పోగొట్టుకున్న వాళ్ళు పేరు చెక్కిన రాళ్ళు వేసుకోవచ్చన్నారు. చాలామంది వేసుకున్నారు. చిన్నాన్నగారు మమ్మల్ని తీసుకెళ్ళి, మేకులు పాతి, పురికొస కట్టి పక్కపక్కనే రెండు చోట్లు గీశారు.

"ఇది అన్నయ్యది, ఇది నీది వదినా. అన్నయ్య పేరు మీద మంచి నల్లరాయి వేయిత్తాను."

అమ్మ ఆ పురికొస వంక చాలాసేపు చూసింది. "రాయి కింద ఏం పెడతావు బాబూ?"

"జ్ఞాపకానికి వదినా."

"వద్దు. నాది ఒకటే కట్టు."

చిన్నాన్నగారు నావైపు చూశారు. ఆయన వంగి నాన్నగారి చోటు మేకులు ఒక్కొక్కటే పీకి, పురికొస చేతికి చుట్టుకున్నారు.