కుప్పమ్మ తలుపు మీద నోటీసు

కుప్పమ్మ ఇంటి తలుపును పంచాయతీ వాళ్ళు ఊడదీసుకుపోయింది 1983 మార్చిలో. పట్టపగలు, ఆమె ఇంట్లో లేనప్పుడు. విస్తరాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని సత్రంలో వేసి రావడానికి పోయింది. తిరిగి వచ్చేసరికి గడప ఉంది, ద్వారబంధం ఉంది, తలుపు లేదు. లోపల రెండు మేకలు నిలబడి, కుట్టడానికి తడిపి పెట్టిన ఆకును తాపీగా నములుతున్నాయి.

వచ్చింది దొంగలు కాదు. బిల్ కలెక్టర్ ధనంజయ, అతని వెంట ఇద్దరు పంచాయతీ కూలీలు. రెండేళ్ళుగా కట్టని ఇంటి పన్నుకు జప్తు అన్నారు. వీధి అంతా చూసింది. నేనూ మా అరుగు మీద కూర్చుని చూశాను. ఒక్కరమూ నోరెత్తలేదు. కనీసం ఆ మేకలనైనా తోలలేదు. ఇది రాస్తున్నప్పుడు పంచాయతీ మీద ఎంత కోపంగా ఉందో మా మీదా అంతే కోపంగా ఉంది.

మా ఊరు చిత్తూరు నుంచి తిరుపతి పోయే దారిలో ఒక మేజర్ పంచాయతీ. పేరు రాయను. ఊరి పరువు కోసం కాదు. పక్క ఊరివాళ్ళు చదివి, తమ ఊరు బాగుందని సంతోషపడతారేమోనని.

మా వీధి పల్లంలో ఉంటుంది. ఎగువ మూడు వీధుల మురికినీళ్ళు మా వీధి నడిమధ్య నుంచే పోవాలి. కాలువ లేదు. కార్తీకంలో వానలు పట్టుకుంటే ఆ నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయి. కుప్పమ్మ ఇల్లు అన్నిటికంటే దిగువన ఉంది. మొగుడు పోయి పదేళ్ళు, కూతురిని శ్రీకాళహస్తిలో ఇచ్చింది. ఒక్కతే ఉండి విస్తరాకులు కుట్టి బతుకుతుంది. ఎండాకాలంలో అడవి నుంచి ఆకు తెచ్చేవాళ్ళ దగ్గర కొని, ఆరబెట్టి, కట్టలు కట్టి అటక కింద పేర్చుకుంటుంది. ఏడాదంతా కుట్టాల్సిన ఆకు అది. ఒక్కసారి నీళ్ళు వస్తే నల్లబడి బూజు పడుతుంది.

అందుకే ఆమె రెండేళ్ళు పన్ను ఆపింది. చేతిలో లేక కాదు. ధనంజయ వచ్చినప్పుడల్లా ఒకటే మాట: “కాలవ కట్టండి. కట్టినరోజే పన్ను కడతా.”

“కాలవ వేరు, పన్ను వేరు మ్మే,” అనేవాడు ధనంజయ.

“ఎట్ట వేరవుతాది? సత్రమోళ్ళు నాకు దుడ్డిస్తారు, నేను ఆకులిస్తా. దుడ్డు దీసుకోని ఆకులు ఈకపోతే వాళ్ళు నన్ను ఊరికే ఇడస్తారా?”

ధనంజయ రసీదు పుస్తకం చంకలో పెట్టుకుని పక్కింటికి పోయేవాడు. తలుపు ఊడదీయడానికి జవాబు అక్కర్లేదు కదా.

మర్నాడు మధ్యాహ్నం నేను గ్రంథాలయంలో కూర్చుని ఉన్నాను. పదో తరగతి తప్పినప్పటి నుంచి నా పగళ్ళన్నీ అక్కడే గడిచేవి. కుప్పమ్మ చెప్పులు బయట విడిచి గుమ్మంలో నిలబడింది.

“ఒరే అబ్బోడా, ఇంటి పన్నులో ఈ పుస్తకాలకని గూడా కొంత పోతాదంట గదా? ధనంజయ సెప్పినాడు.”

“అవునత్తా. గ్రంథాలయం పన్ను.”

“నాకు ఒక అచ్చరం రాదు. ఇన్నేండ్లు నేను కట్టిన దుడ్డుతో సదువుతుండేది ఎవురు? నువ్వే గదా. పొద్దస్తమానం ఫ్యాను కింద కూసోని.”

“ఈ ఫ్యాను తిరగదత్తా.”

“తిరక్కపోతే పీడా పాయె. లెయ్. నా దుడ్డుతో సదివినోడివి, నాకొక కాయితం సదివిపెట్టు.”

అలా మొదటిసారి నా చదువు మీద ఒకరికి హక్కు ఉందని తెలిసింది. లేచాను.

పంచాయతీ ఆఫీసు వరండాలో ఆమె తలుపు గోడకు ఆనించి ఉంది. నోటీసులు అంటించడానికి అంతకంటే నునుపైన చోటు దొరకలేదేమో, ఆమె పసుపు రాసిన చోటనే మైదా జిగురు పూసి ఒక కాగితం అంటించారు. ఆమె చదవమన్నది ఆ కాగితమే. గ్రామసభ జరుగుతుందని, వచ్చే ఏడాది పంచాయతీ సొమ్ముతో ఏ పనులు చేయాలో గ్రామస్థులందరూ హాజరై తెలపాలని అందులో ఉంది. సభ తేదీ దాటిపోయి వారమైంది. అంటే గడువు దాటాక దొరికిన తలుపు మీద గడువు దాటిన నోటీసు అంటించారు. రికార్డుకు ఎక్కడో ఒకచోట అంటించి ఉండాలి, అంతే.

“అందురూ అంటే నేను గూడానా?” అంది కుప్పమ్మ.

“నువ్వు కూడా.”

“నా దుడ్డు దేనికి పెట్టాల్నో నేను సెప్పొచ్చా?”

“చెప్పొచ్చు అత్తా. చట్టమే అది.”

ఆమె ఆ కాగితాన్ని అరచేత్తో ఒకసారి తడిమింది. “మరి నన్నెవురూ పిలవలేదే?”

లోపల ఈవో సుందరరాజు ఉన్నాడు. గూడూరు వైపు నుంచి బదిలీ అయి వచ్చి నెల కాలేదు. మంచివాడే, పుస్తకంలో ఉన్నదాన్ని నమ్మేవాడు. “సభ జరిగిందమ్మా,” అని రిజిస్టరు తీసి తిప్పాడు. బస్టాండు దగ్గర స్వాగత తోరణం కట్టాలని తీర్మానం. కింద అరవై మంది సంతకాలు, వేలిముద్రలు. “ఇదో, నువ్వు కూడా వచ్చావు గదా. కుప్పమ్మ, భర్త చెంగయ్య. నీ వేలిముద్ర.”

కుప్పమ్మ రిజిస్టరు మీదికి వంగి చూసింది. తర్వాత తన బొటనవేలు అతని ముఖం ముందు పెట్టింది.

“సూడు సామీ. ముప్పై ఏండ్లుగా ఆకులో పుల్లలు గుచ్చి గుచ్చి ఈ ఏలు అరిగిపోయుండాది. రేషను కార్డుకు మూడు తూర్లు ఏయించినారు. మసక తప్ప ఒక గీత పడలా. ఈడేమో గీతలు ముగ్గేసినట్టు పడుండాయే! ఇది ఎవురి ఏలు సామీ?”

సుందరరాజు వేలు చూశాడు. పుస్తకం చూశాడు. పుస్తకం మూశాడు.

“పన్ను కట్టేసి తలుపు తీసుకుపోమ్మా,” అన్నాడు మెల్లగా.

ఆమె కట్టలేదు. ద్వారానికి గోనెపట్ట వేలాడదీసింది. మేకలకు గోనెపట్ట ఒక లెక్కా? ఆకు కట్టలన్నీ అటక మీదికి ఎక్కించి, ఏ రోజుకారోజు నిచ్చెనేసి దింపుకునేది. మే నెలలో స్వాగత తోరణం లేచింది. సిమెంటు ఏనుగులు రెండు, మధ్యలో సర్పంచి మునిరామయ్య పేరు. బస్సులో వచ్చేవాళ్ళకు స్వాగతం చెప్పి, దిగిన వెంటనే వాళ్ళ కాళ్ళను మురికినీళ్ళలో పెట్టించేది మా ఊరు.

నేను చిత్తూరుకు అర్జీలు రాశాను. మూడు రాశాను. మొదటి రెండు ఏమయ్యాయో తెలియదు. మూడోదాన్ని “తగు చర్య నిమిత్తం” అని రాసి మా పంచాయతీకే పంపారు. ధనంజయ దాన్ని టీ కొట్టు దగ్గర నాకే చూపించి, “రాత బాగుండాదబ్బా,” అన్నాడు. ఆ రోజు అతన్ని కొట్టి ఉండాల్సింది.

సత్రానికి ఆకులు వేయడానికి పోయినప్పుడల్లా కుప్పమ్మ పంచాయతీ వరండా దాకా నడిచి తలుపు చూసి వచ్చేది. అక్షరం రాదు గానీ కొత్త కాగితం ఏదో పాత కాగితం ఏదో ఆమెకు తెలుసు. 1984 జనవరిలో ఒక పొద్దున మా ఇంటి ముందు నిలబడి అరిచింది: “అబ్బోడా! నా తలుపు మీద కొత్త కాయితం ఏసినారు. రా!”

గ్రామసభే. ఇంకా ఐదు రోజులుంది. దండోరా వేయించాలని నోటీసులోనే ఉంది. దండోరా వేసే మనిషికి మాత్రం ఎవరూ చెప్పలేదు. కుప్పమ్మ ఇంట్లోనుంచి ఇత్తడి పళ్ళెం, గరిటె తీసుకుని తానే బయల్దేరింది. నేను పక్కన నడిచాను, సిగ్గుపడుతూనే.

“బుధవారం పదకొండు గంటలకు పంచాయతీ ఆపీసు కాడ సభ! అందురూ రావాల! రాకపోతే మీ ఏళ్ళు గూడా వాళ్ళే ఏసుకుంటారు!”

నవ్వారు. కానీ వచ్చారు. వంద మంది దాకా, అందులో ఆడవాళ్ళే ఎక్కువ. కుర్చీలు చాలక వరండా మెట్ల మీద, సైకిలు స్టాండు మీద కూర్చున్నారు. మునిరామయ్య జనాన్ని చూసి ఒక క్షణం తడబడ్డాడు. వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు.

“ఏం కుప్పమ్మా, దండోరా నువ్వే ఏస్తివంట? ఇంతకూ సర్పంచి నువ్వా, నేనా?”

“నువ్వే నాయనా. కుర్చీ నీది. ఆ తలుపు మాత్రం నాది.”

సభ అంతా గొల్లుమంది. మునిరామయ్య కూడా నవ్వాల్సి వచ్చింది. పనులు అడిగారు. ఎవరో స్మశానం గోడ అన్నారు, ఎవరో వీధిదీపాలు అన్నారు. కుప్పమ్మ లేచి కాలువ అంది. ఆకు ఎట్లా కుళ్ళుతుందో, పక్కింటి మునెమ్మ వాళ్ళ పొయ్యిలోకి మురికినీళ్ళు ఎట్లా వచ్చాయో, పూసగుచ్చినట్టు చెప్పింది. చేతులెత్తమంటే ఎగువ వీధులవాళ్ళు కూడా ఎత్తారు. వాళ్ళ మురికి సాఫీగా కదిలిపోతే వాళ్ళకూ మంచిదే.

సుందరరాజు తీర్మానం రాసి రిజిస్టరు నా చేతికిచ్చాడు. “చదవండి, అందరికీ వినపడేట్టు.”

చదివాను. “గ్రామమందు మురుగు కాలువ నిర్మాణమునకు నిధులు కేటాయించుటకు సభ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.” నా గొంతు నాకే గొప్పగా వినిపించింది. చప్పట్లు కొట్టారు. వరసగా వేలిముద్రలు వేశారు. కుప్పమ్మది ఎప్పటిలాగే నల్లటి మసక పడింది. దాన్ని అందరికీ చూపించి, “ఇదీ నాది!” అంది.

మెట్లు దిగుతూ నేనే అన్నాను: “ఇంక పన్ను కట్టెయ్యత్తా. పుస్తకంలో పడింది.”

“పడిందా? బాగా సూసినావా?”

“చూశాను.”

మరుసటి రోజే కట్టింది. ఊడదీసిన కూలీలే తలుపు మోసుకొచ్చి బిగించారు. మీద నోటీసులు అట్లాగే ఉన్నాయి.

ఆ వేసవిలో కాలువ కట్టారు. మంచి కాలువ, వంకర లేకుండా, రెండు వైపులా సిమెంటు పూత. చిత్తూరు రోడ్డులో, మునిరామయ్య తమ్ముడి రైసుమిల్లు పక్కన.

నేను పరుగెత్తుకుంటూ ఈవో దగ్గరికి పోయాను. అతను నా కళ్ళలోకి చూడకుండా రిజిస్టరు తెరిచి నా వైపు తిప్పాడు. “చదివింది మీరే గదా. ఏ వీధి అని ఉందా?”

లేదు. వీధి పేరు లేదు. వంద మంది ముందు, గొంతు పెంచి, నేనే చదివాను. నిలువెత్తు బీరువా నిండా ఉన్న పుస్తకాలు చదివినవాడిని, ఒక్క వాక్యంలో లేనిదేమిటో చూడలేకపోయాను. వాళ్ళు మోసం చేశారు, నిజమే. ఆ మోసాన్ని జనానికి వినిపించి చప్పట్లు కొట్టించింది మాత్రం నేను.

నవంబరులో వానలు పట్టుకున్నాయి. మూడో రోజు నీళ్ళు లోపలికి వచ్చాయి. తలుపు తిరిగి వచ్చిందని కుప్పమ్మ అప్పటికే ఆకు కట్టలు అటక మీది నుంచి దించి ఎప్పటిలా కిందనే పేర్చుకుని ఉంది. నేను పోయేసరికి చీర ఎగదోపి, ముంతతో నీళ్ళు తోడిపోస్తూ ఉంది. నల్లబడిన కట్టలు వాకిట్లో కుప్పగా పడి ఉన్నాయి. నేను ఇంకో చెంబు తీసుకుని తోడసాగాను. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నీళ్ళు ఇంకేదాకా తోడాం, ఆ తర్వాత ఇంటికి వచ్చేశాను. ఆపైన రెండు నెలలు ఆ గుమ్మం దాకా పోవడానికి ముఖం చెల్లలేదు.

1985 ఫిబ్రవరిలో నాకు గూడూరులో నిమ్మకాయల మండీలో పని దొరికింది. బస్తాల మీద ఊళ్ళ పేర్లు రాసే పని. ఊరి పేరు తప్పు రాస్తే బస్తా ఇంకెక్కడికో పోతుందని యజమాని మొదటే హెచ్చరించాడు. నాకా పని ఇచ్చినందుకు నవ్వొచ్చింది.

బయల్దేరే రోజు చెప్పిపోదామని కుప్పమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమెను చూడడం అదే ఆఖరు. గుమ్మంలో కూర్చుని, అప్పు చేసి కొన్న ఆకును కుడుతూ ఉంది. తలుపు మీద నోటీసులు పసుపుపచ్చగా మారి, అంచులు లేచి, ఇంకా అంటుకునే ఉన్నాయి.

“ఇవి గీకేయలేదేం అత్తా?”

“ఉండనీ. వాళ్ళకు గుర్తుండకపోయినా నాకుండాల గదా.” పుల్ల విరిచి ఆకులో గుచ్చింది. “యాడికి, గూడూరికా?”

“అవును. అత్తా, ఆ రోజు నేను...”

“ఆ రోజు సంగతి ఇడిసిపెట్టు. మళ్ళా సభ ఎబ్బుడు పెడతారో కాయితం పడంగానే నీకు కార్డు రాయిస్తా. సెలవు పెట్టి రా,” అంది చేతిలో ఆకు మీది నుంచి చూపు తిప్పకుండా. “వచ్చేటప్పుడు సదువుకున్నోణ్ణి ఇంకొకణ్ణి గూడా తోడుకోని రా. నువ్వు సదివినాక, వాడు ఇంకో తూరి సదవాల.”