గ్యాపు బోరు పెట్టెకు పెట్టుబడి

"మా అల్లుడు మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోల్యా తల్లీ. ఇస్తామన్నా చెయ్యి చాపలేదు. అట్లాంటోడు వీడు," అన్నాడు పెట్టె చేసినవాని మేనమామ.

పెట్టుబడి పెట్టేవాళ్ల తరఫున బెంగళూరు నుంచి వచ్చినామె ఫోనులో ఏదో రాసుకుంటూ అక్కడితో ఆగిపోయింది. తొండూరు దగ్గర ఆయన చీనీతోటలో, బత్తాయి చెట్ల మధ్య, బోరు పక్కన నిలబడి ఉన్నాం. చుట్టూ ఆయన బంధువులు ఏడెనిమిదిమంది. ఆమె కోస్తా జిల్లాల మనిషి, మర్యాదగా మరొకరిని అడిగింది.

"మీరు ఎంతకు కొన్నారండీ?"

"కొనేదేందమ్మా, మనోడు చేసిన మిషను గదా."

ఇంకొకాయన వెనక నుంచి అందుకున్నాడు. "మా ఇంట్లో అయితే వానికి సంగటి పెట్టి, వేటమాంసం పెట్టి బిగించుకున్యాం. అదే ఖరీదు."

అందరూ నవ్వారు. పెట్టె చేసినవాడు మాత్రం నవ్వలేదు. మేనమామ అతని భుజం మీద చెయ్యి వేసి, ఇంతకన్న మంచి మాట మనిషి గురించి ఇంకెవరు చెబుతారన్నట్టు ఆమె వైపు చూశాడు. భోజనాలు అయ్యాక, కారు ఎక్కబోతూ ఆమె చెప్పింది.

"మిషన్ పనిచేస్తోంది, చూశాను. కానీ దీన్ని డబ్బిచ్చి కొన్నవాళ్లు ఒక్కరూ లేరు. మా వాళ్లు మొదట అడిగేది అదే. ఒక పదిమంది కొన్నాక చెప్పండి, మళ్లీ మాట్లాడుకుందాం."

పెట్టె చేసినవాడు ప్రొద్దుటూరులో మా ఇంటి మేడమీది గదిలో అద్దెకుంటాడు. కలమల్ల దగ్గరి థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు కింద మీటర్లు, వైర్ల పని చేసేవాడు. వాళ్ల తాతల కాలంలో గొర్రెల మందలు, తండ్రి నాటికి సేద్యం. నేను జమ్మలమడుగులోనూ పులివెందులలోనూ ఒక దినపత్రికకు చాలాకాలం వార్తలు రాసినవాణ్ణి. ఎండిన బోర్లు, కాలిన మోటార్లు నా వార్తల్లో ఎప్పుడూ ఉండేవి. అందుకే అతను ఏం చేస్తున్నాడో నాకు తొందరగానే అర్థమైంది.

మా వైపు చాలా బోర్లు నిండుగా పొయ్యవు. కాసేపు నీళ్లిచ్చి ఆగుతాయి, మళ్లీ ఊరాక ఇస్తాయి. గ్యాపు బోరు అంటారు. నీళ్లు లేనప్పుడు తిరిగితే మోటారు కాలిపోతుంది. అంగట్లో దొరికే పెట్టెలు మోటారును ఆపుతాయి, అంతే. మళ్లీ ఎప్పుడు వేయాలో వాటికి తెలియదు. ఇతని పెట్టె ఆ బోరు ఎంతసేపట్లో ఊరుతుందో కొద్ది రోజులు గమనించి, దాన్ని బట్టి తానే ఆపుతుంది, తానే వేస్తుంది. రైతు రాత్రీ పగలూ కాపలా ఉండనక్కర్లేదు.

దానికి డబ్బు పుట్టించడమే అతనివల్ల కాలేదు. కంప్యూటరులో రాసే సరుకైతే తప్పు దొర్లినా గదిలో కూర్చుని దిద్దుకోవచ్చు. చేత పట్టుకునే వస్తువుకు అట్లా కుదరదు. ఎండకూ వానకూ ఆగే ప్లాస్టిక్ పెట్టె కావాలంటే అచ్చు చేయించాలి. పెట్టె ఒక్కటైనా వెయ్యైనా అచ్చుకు అయ్యే ఖర్చు ఒకటే. లోపలి సర్క్యూటు బోర్డులు తక్కువగా కావాలంటే ఎవరూ చేసివ్వరు. మొదటి వస్తువు అమ్మకముందే సొమ్మంతా పెట్టాలి.

ఉద్యోగం మానినప్పుడు వచ్చిన పీఎఫ్ నమూనాలకే అయిపోయింది. చీటీ ముందుగా పాడి, చాలా నష్టానికి ఎత్తుకున్నాడు. ఒక బ్యాంకులో మేనేజరు అంతా విని, అంగడి పెడితే ఇస్తాను, గొర్రెలు కొంటే ఇస్తాను, ఇదేమిటో నాకు అంతు చిక్కడం లేదన్నాడట. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని నాతో అన్నాడు.

"మా తాత గొర్లు మేపితే, మా నాయన అవి వద్దని సేద్యం పట్టె సార్. బ్యాంకోళ్లు నన్ను మళ్లా మంద కాడికే పొమ్మంటాండారు."

ప్రభుత్వ సాయం ఒకటి ఉందని తెలిసి కాగితాలు పెట్టాడు. ముందు మనం ఖర్చు పెట్టి బిల్లులు చూపిస్తే తర్వాత ఇస్తారు. "దుడ్లున్నోనికే దుడ్లిస్తారంట సార్," అన్నాడు. ముందే ఆర్డర్లు తీసుకుందామని జమ్మలమడుగులో కాలిన మోటార్లకు తీగ చుట్టి బాగుచేసే అంగడి ముందు కొన్ని రోజులు నిలబడ్డాడు. రైతులు చూశారు, మెచ్చుకున్నారు. పంటొచ్చినాక చూద్దాం లేప్పా అన్నారు. అంగడి ఆయన మాత్రం దాపరికం లేకుండా చెప్పాడు. "నీ మిషను బాగుంటే నాకు మోటార్లు యాడ వస్తాయప్పా? వేరే తావు చూసుకో."

ఆ తర్వాత బెంగళూరు వాళ్లు దొరికారు. పొలంలో పనిచేస్తుంటే చూడాలన్నారు. ఎవరి పొలంలో? మోటారు కాలితే ఎవరిది పూచీ అని ముక్కూ మొహం తెలియనివాడు స్టార్టరు మీద చెయ్యి వెయ్యనివ్వడు. మిగిలింది బంధువులు. తొండూరు, సింహాద్రిపురం వైపు ఉన్న తోటల్లో బిగించాడు. వాళ్లలో సొంత మనిషి చేతిపనికి ఖరీదు అడగరు, ఇవ్వరు. అడిగితే బంధుత్వం తెంచుకున్నట్టు. ఊరికే తీసుకున్నారని కూడా అనలేం. ఆ ఏడంతా మా మేడమెట్ల మీద ఎప్పుడూ ఒక చీనీకాయల బస్తానో, శనక్కాయల మూటో ఉండేది. మేమూ తిన్నాం. బెంగళూరు వాళ్ల లెక్కల్లో ఆ బస్తాలు అమ్మకం కింద రావు.

ఆమె వెళ్లిపోయాక కొన్నాళ్లు అతను గదిలోంచి బయటికి రాలేదు. తర్వాత ఒకరోజు, ఆమె అడిగిన ఆ పదిమంది కొన్నవాళ్లనూ బంధువుల్లోనే చూపిద్దామని, ముందు మేనమామను అడుగుతానని బయల్దేరాడు. నన్నూ రమ్మన్నాడు. పెద్దమనిషి పక్కనుంటే మాట సులువుగా వస్తుందనుకున్నాడు.

మేనమామ మంచం మీద కూర్చుని విన్నాడు. సగం దాకా చెప్పగానే అడ్డం వచ్చాడు.

"ఎంత?"

"మామా, అది గాదు. వాళ్లకు చూపించాల, అంతే. మళ్లా నీకే…"

"ఎంతో చెప్పు."

చెప్పాడు. ఆయన లోపలికి పోయి తెచ్చి ఇతని చేతిలో పెట్టాడు. కోపంగా ఏమీ లేడు.

"పెట్టె ఇప్పుకొని పో," అన్నాడు.

"ఏంది మామా అట్లంటావు?"

"దుడ్లిచ్చి కొనే మిషన్లు అంగట్లో శానా ఉండాయి. నువ్వు చేసినావని పెట్టుకుంటి. మా మామ కొన్నాడని వాళ్లకు చెప్పుకో. అబద్ధం గాదు గదా."

అత్త ఏదో అనబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఇతను తోటలోకి పోయి పెట్టె విప్పాడు, పాత స్టార్టరు వైర్లు తిరిగి కలిపాడు, మోటారు వేసి చూశాడు. నీళ్లు వచ్చాయి. రెండో బంధువును అతను అడగలేదు.

ఇప్పుడు మళ్లీ కలమల్లకే పోతున్నాడు, ఇంతకుముందుకన్న తక్కువ జీతానికి. మిగతా తోటల్లో పెట్టెలు ఒక్కొక్కటే మొరాయిస్తున్నాయి. "అబ్బీ, లైటు రాలేదు, ఎప్పుడొస్తావు?" అని ఫోన్లు వస్తాయి. సెలవు రోజున పోతాడు. కొత్త బోర్డులు లేవు గనక పాడైన ఒక దాంట్లోంచి తీసి ఇంకో దాంట్లో వేస్తున్నాడు. అట్లా ఎన్నాళ్లు వస్తాయని అడిగితే, ఈ ఎండాకాలం దాకా రావచ్చన్నాడు.

మేనమామ ఇచ్చిన సొమ్మును ఆ రోజే నా చేతిలో పెట్టాడు, మీరన్నా ఇచ్చి రండి సార్ అని. నేను తొండూరు పోయి వచ్చాను. మిషను కొన్నాను, దుడ్లిచ్చాను, ఆ లెక్క అయిపోయింది అన్నాడాయన. ఇతను తీసుకోనంటున్నాడు. బెంగళూరు నుంచి ఇంకోసారి ఉత్తరం వచ్చింది, ఎంతమంది కొన్నారని. దానికి జవాబు ఇంకా పోలేదు. ఆ సొమ్ము మా బీరువాలో ఉంది.