నొప్పి లేదు మేడం

వాకాడు దాటాక రోడ్డు లేదు. ఉదయం 9:40. తుపాను వెళ్లి ముప్పై గంటలైంది. తూర్పు గాలి, సన్నటి వాన. కల్వర్టు కొట్టుకుపోయి, సహాయానికి వచ్చిన మా సైనిక దళం రెండుగా చీలింది. మేం ఊరి బడిలో. మిగిలినవాళ్లు నాలుగు కిలోమీటర్ల అవతల, సముద్రం పక్కనున్న తుపాను షెల్టర్‌లో. మధ్యలో వరద నీళ్లు. రోజుకు ఒకే బోటు, మధ్యాహ్నం రెండింటికి.

అప్పట్లో నేను సైన్యంలో పళ్ల డాక్టర్‌ని. మొత్తం ఐదేళ్లు చేసి తర్వాత మానేశాను. తెలుగు వచ్చని నన్ను అక్కడికి పంపారు. నా ఎనిమిది నెలల పాప నెల్లూరు దగ్గర సంగంలో మా అత్త దగ్గర ఉంది.

రెండో రోజు పొద్దున మా దళం రేడియో ఆపరేటర్ చెంప పట్టుకుని వచ్చాడు. కడప కుర్రాడు. ఆ పన్నుకు అప్పటికే రెండుసార్లు రూట్ కెనాల్ చేశారు.

"నీ రేడియో సెట్టు కంటే నీ పన్నే ఎక్కువసార్లు రిపేరుకు పోయింది గదరా" అన్నాడు మా బండి డ్రైవర్.

చచ్చిన పన్నులోకి రక్తం వెళ్లదు. మింగిన మందు కూడా వెళ్లదు. అందుకని పన్ను తెరిచి, పాత ఫిల్లింగ్ తీసి, బ్లీచింగ్ ద్రావణంతో కడిగి, సున్నం లాంటి పేస్టు నింపి మూశాను. చుట్టూ ఎముకలోకి పాకిన క్రిములకు రెండు రకాల యాంటీబయాటిక్ మాత్రలు, ఐదు రోజులకు. అక్కడి రేడియో డ్యూటీకని రెండింటి బోటులో అతను షెల్టర్‌కు వెళ్లిపోయాడు.

రోజూ సాయంత్రం ఆరింటికి రేడియోలో అడిగేదాన్ని.

మూడో రోజు: "కొంచెం ఉంది మేడం. ఓవర్."

నాలుగో రోజు: "నొప్పి లేదు మేడం. హాయిగా ఉండాను. ఓవర్."

రోగుల పుస్తకంలో 'నొప్పి లేదు' అని రాశాను. బడి మిద్దె మీద ఒక్క మూలలోనే ఫోన్ సిగ్నల్ వచ్చేది. 6:05కి అత్త పాప చెవి దగ్గర ఫోన్ పెట్టేది. అందుకే వాపుందా, మాత్రలు వేసుకుంటున్నావా అని అడగలేదు. అడిగితే ఒక నిమిషం పట్టేది.

పన్ను కింది చీము ఎముకను తొలుచుకుని బయటపడితే నొప్పి ఒక్కసారిగా తగ్గుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. పరీక్షలో రాశాను కూడా.

ఐదో రోజు, ఉదయం 11:15. సెట్లో అతని గొంతు, నోట్లో అన్నం ముద్ద ఉన్నట్టు.

"మేడం... మింగలేకుండా ఉండా."

ఆ తర్వాత మాట రాలేదు.

"బటన్ నొక్కు. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు. నాలుక కింద వాపుందా?"

టక్.

"మాత్రలన్నీ వేసుకున్నావా?"

టక్. టక్.

డ్రైవర్ జాలర్ల పడవ అడిగి తెచ్చాడు. 12:20కి చేరాం. ఆపరేటర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు. సెట్టు చేతిలోనే ఉంది. పక్కన ఒక ముసలామె అట్టముక్కతో విసురుతోంది.

"ఆ మాత్రలు నాకిచ్చినాడు మా. నా చెంప ఇంత లావుండె. తనకు తగ్గిపోయిందన్నాడు. నాకు బాగయింది, ఈ అబ్బయ్యకు ఎందుకిట్టా అయింది?"

చీము పట్టిన చోట మత్తు ఇంజెక్షన్ సరిగా ఎక్కదు. అతనికి ఆ మాట చెప్పి, చీము బయటికి పోయేలా దవడ కింద కోశాను. ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

నెల్లూరు ఆసుపత్రిలో నరానికి మందులెక్కించి పన్ను తీసేశారు. బతికాడు.

పన్నెండో రోజు సంగం చేరాను. పాప నన్ను చూసి అత్త భుజంలో ముఖం దాచుకుంది.

ఇప్పుడు దానికి నాలుగేళ్లు. పడుకునే ముందు రోజూ నోరు తెరిపించి టార్చి వేస్తాను. "నొప్పి లేదమ్మా" అంటుంది. "లేదంటోంది కదా, వదిలెయ్" అంటాడు మా ఆయన. నేను చివరి పన్ను దాకా చూస్తాను.

ఆ రోజు షెల్టర్‌లో ఆపరేటర్ దవడ కోస్తూ అడిగాను, "నొప్పిగా ఉందా?" అని. అతను నాకు మూరెడు దూరంలో ఉన్నాడు. కళ్లు పైకి తేలి ఉన్నాయి. సెట్టు బటన్ మీది బొటనవేలు మాత్రం కదిలింది. నా నడుము దగ్గరి సెట్లో వినిపించింది.

టక్. టక్.