ఎదురింటికి కారులో

మేము ఎదురింటికి కారులో వెళ్ళేవాళ్ళం. మా గేటు దగ్గర నిలబడితే ఎదురింటి గేటూ, దాని మీది ఇత్తడి పిడీ స్పష్టంగా కనిపించేవి. అయినా ఆ ఇంటికి చేరడానికి పదకొండేళ్ళు నేను కారు తీశాను. దోహాకు పడమట, అల్ రయ్యాన్‌లో, ఒక ఖతరీ కుటుంబానికి డ్రైవరుగా ఉన్న రోజుల సంగతి ఇది.

ఆ ఇంటి పెద్దావిడను మేము మామా కబీరా అని పిలిచేవాళ్ళం. అక్కడి ఇళ్ళలో పనివాళ్ళు పెద్ద యజమానురాలిని అలాగే పిలుస్తారు. నా వీసా ఆమె కొడుకు పేరు మీద ఉండేది. ఆయన మాకు బాబా. మామా కబీరాకు డెబ్బై దాటాయి, మోకాళ్ళు సరిగా వంగేవి కావు, చేతికర్ర ఉండేది. ఎదురింట్లో ఉన్నది ఆమె చెల్లెలు. అక్క చెల్లెలిని చూడని సాయంత్రం నాకు జ్ఞాపకం లేదు, ఎండాకాలంలో కుటుంబమంతా దేశం దాటి వెళ్ళినప్పుడు తప్ప.

మధ్యలో ఉన్నది రోడ్డు. అటు రెండు వరుసలు, ఇటు రెండు వరుసలు, నడుమ ఎత్తు గట్టు. బయటి పెద్ద రోడ్ల మీద సిగ్నళ్ళ దగ్గర ఆగడం ఇష్టం లేనివాళ్ళందరూ మా వీధిలోంచి అడ్డదారిన పోయేవారు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు ఆ ప్రవాహానికి తెరపి ఉండేది కాదు. మాలాంటివాళ్ళమే పరుగెత్తి దాటేవాళ్ళం. కర్ర పట్టుకున్న మనిషి దాటడం మాట అలా ఉంచి, కాలిబాట అంచున నిలబడటమే కష్టం.

కాబట్టి కారు. గేటు దాటి కుడివైపు తిరిగి, పెట్రోలు బంకు దగ్గరి రౌండెబౌట్ దాకా పోయి, దాన్ని చుట్టి, వెనక్కి వచ్చి, ఎదురింటి గేటు ముందు ఆపేవాణ్ణి. ఒక కిలోమీటరు మూడు వందల మీటర్లు. తిరిగి రావాలంటే అదే దిశలో ముందుకు పోయి, మసీదు దగ్గరి రౌండెబౌట్ చుట్టి రావాలి. అదీ అంతే దూరం. వెళ్ళి రావడమంటే వీధికి ఒక పూర్తి ప్రదక్షిణం.

వ్యవహారం ఒక్క ప్రదక్షిణంతో తీరేది కాదు. అక్క బయలుదేరగానే చెల్లెలు సాగనంపుతానని కారెక్కేది. మా గేటు ముందు దిగాక, ఇంత దూరం వచ్చినదాన్ని ఒంటరిగా ఎలా పంపడమని అక్క మళ్ళీ కారెక్కేది. అక్కడ దిగాక చెల్లెలికి మళ్ళీ అదే ధర్మసందేహం. మూడో చుట్టు దగ్గర ఎవరికో ఒకరికి నమాజు వేళ గుర్తొచ్చేది, అప్పుడు సాగనంపడం ఆగేది.

ఎదురింటి డ్రైవరు గోదావరి జిల్లావాడు, నా కన్నా రెండేళ్ళు చిన్న. ఆ ఇంట్లో పిల్లల స్కూలు డ్యూటీ ముగించుకొని, కాలిబాట మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చొనేవాడు. నేను రెండోసారో మూడోసారో వచ్చి ఆగినప్పుడు అద్దం దగ్గరికి వంగేవాడు.

“ఏవండీ గురువుగారూ, ఇవాళ ఎన్నయ్యాయండి?”

“మూడు.”

“ఇంకో ఆరు తిరిగేయండి. తొమ్మిదైతే శని వదిలిపోద్ది.”

వెనక సీట్లో అక్కాచెల్లెళ్ళు, వాడు ఏమన్నాడో చెప్పమని నన్ను అడిగేవారు. నవగ్రహాల సంగతి నా అరబ్బీకి అందేది కాదు. మీ ఆరోగ్యం అడుగుతున్నాడు మామా అని చెప్పేవాణ్ణి.

నాకు అరబ్బీ వచ్చిందే ఆ వెనక సీటు వల్ల. వాళ్ళ కారులో ఎప్పుడూ ఊదు పొగ వాసన, ఏసీ చలి, ఫ్లాస్కులో కాఫీ. ఇంట్లో కోడళ్ళూ మనవలూ నిండి ఉండేవారు కాబట్టి, అసలు మాటలన్నీ కారు కోసమే దాచుకొనేవారనుకుంటాను. ఏ కోడలు కాఫీలో యాలకులు ఎక్కువ వేస్తుందో, ఎవరి పెళ్ళిలో అన్నం ఉడకలేదో, అన్నీ నేను విన్నాను. వాళ్ళ చిన్నతనంలో ఈ రోడ్డు లేదు. రెండు ఇళ్ళ స్థలం కలిపి తండ్రిది, మధ్యలో ఇసుక. సాయంత్రం పూట తల్లి పళ్ళెం మీద గుడ్డ కప్పి ఇస్తే, ఇద్దరూ చెప్పులు లేకుండా ఆ ఇసుకలో పరుగెత్తి పినతల్లి గుడారానికి చేర్చేవారట. పళ్ళెం వేడికి చేతులూ, ఇసుక వేడికి కాళ్ళూ కాలేవని చెప్పి ఇద్దరూ నవ్వేవారు. ఈ కథ నేను ఎన్నోసార్లు విన్నాను. ప్రతిసారీ పళ్ళెంలో వంటకం మారేది.

కారు మీటరు అంకెలు రోజూ రాసి ఉంచమని బాబా మొదట్లోనే చెప్పాడు. లెక్క తప్పకుండా రాయడం నా స్వభావం కూడా. ఒక ఏడాది చివర ఆయన ఆ పుస్తకం తిరగేసి, అమ్మ ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ పోదు కదా, ఈ కారు ఎక్కడ తిరుగుతోందని అడిగాడు. నేను కూడి చూపించాను. రోజుకు మూడు చుట్ల చొప్పున, ఏడాదికి రెండు వేల మూడు వందల కిలోమీటర్లు దాటింది. మా కడప నుంచి కాశీకి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో సగం దారి వచ్చేంత దూరం, వీధి పొలిమేర దాటకుండా. ఆయన చాలాసేపు నవ్వాడు. తరువాత రోడ్డు వైపు చూస్తూ నవ్వడం మానేశాడు.

ఈ బండ్ల జోరు తగ్గించమని వీధివాళ్ళు మునిసిపాలిటీకి పెట్టుకున్న విన్నపంలో బాబా సంతకం కూడా ఉంది. అంతకు కొద్ది వారాల ముందు పక్కింటి పిల్లల సైకిలు ఒకటి కారు కింద పడి నలిగింది. అదృష్టం కొద్దీ దాని మీద ఎవరూ లేరు. విన్నపం ఫలించింది. అటొక వరుస, ఇటొక వరుస మాత్రమే ఉంచి కాలిబాటలు వెడల్పు చేస్తారనీ, స్పీడ్ బ్రేకర్లు వేస్తారనీ, మా రెండు గేట్ల మధ్య రోడ్డును కాలిబాటంత ఎత్తుకు లేపి, గట్టు కోసి, ఇటుకలు పరిచి మనుషులు దాటే దారి చేస్తారనీ తెలిసింది. వేగం గంటకు ముప్పై మించరాదు.

ఆ చలికాలంలోనే నా ఖతర్ ఐడీకి, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డుకు, గడువు తీరుతుంది. మా అమ్మాయి ఫార్మసీ చదువు ఇంకా రెండేళ్ళుంది. ఇంకొక్కసారి, రెండేళ్ళకు రెన్యూ చేయించమని బాబాను అడిగాను. ఆయన కఠినుడు కాడు, కాని లెక్క తెలిసినవాడు. పిల్లలకు వేరే డ్రైవరున్నాడు. నేను ఉన్నది మామా కబీరా కోసం. రోడ్డు పని పూర్తయ్యాక చూద్దాం అన్నాడు. ఆ మాటకు అర్థం నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

ఎండలు తగ్గుముఖం పట్టాక పనివాళ్ళు వచ్చారు. గట్టు కోసి ఇటుకలు పరిచే బృందంలో జగిత్యాల మనిషి ఒకడుండేవాడు. నేను తెలుగువాణ్ణని తెలిసిన నాటి నుంచి, మా గేటు నీడలో నీళ్ళు తాగడానికి వచ్చి పలకరించేవాడు. కారు ఒకే వీధిలో ఎందుకు తిరుగుతోందో అడిగి తెలుసుకున్నాడు.

“గిది ఎత్తు జేసినంక కార్లన్ని మెల్లగనే పోతయే. మీ అవ్వ నడుచుకుంటనే దాటుతది. మరి నువ్వేం జేస్తవన్నా?” అన్నాడు.

“కూర్చోని సూస్తా. నువ్వు ముందు ఇటుకలు సక్కంగా పర్చప్పా,” అన్నాను.

“సక్కగనే ఏస్తున్న. నీ డ్యూటీ మీదనే ఏస్తున్న.”

చుట్టుపక్కల ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ సాయంత్రం మూడు చుట్లూ మామూలు కన్నా మెల్లగా తిప్పాను.

పని ముగిసింది. మొదటి రోజు సాయంత్రం నేను అలవాటు చొప్పున కారు గేటు ముందు పెట్టాను. మామా కబీరా బయటికి వచ్చి, కారునూ కొత్త ఇటుకలనూ మార్చి మార్చి చూసింది. కర్రతో కారు వద్దని సైగ చేసింది. చెల్లెలు అటువైపు గేటు పట్టుకొని చూస్తోంది. బోర్డులు పెట్టారు గాని కార్లకు పాత వేగం ఇంకా పోలేదు. నేను ముందు నడిచి ఇటుకల మీద నిలబడి, వచ్చే బండ్లకు చెయ్యి అడ్డం పెట్టాను. ఇన్నేళ్ళు స్టీరింగు వెనక ఉన్నవాణ్ణి, కార్లకు ఎదురుగా నిలబడటం అదే మొదలు. తెల్లటి పెద్ద బండి ఒకటి నా మోకాళ్ళకు రెండు మూరల దూరంలో ఆగింది. దానిలోని కుర్రవాడు అద్దం దించి ఏదో అనబోయి, నా వెనక వస్తున్న ఆమెను చూసి తల వంచుకున్నాడు.

ఆమె సరిగ్గా నడిమధ్యన ఆగింది. మసీదు వైపు కొంతసేపు, బంకు వైపు కొంతసేపు చూసింది. రెండు వైపులా కార్లు ఆగి ఉన్నాయి.

“యల్లా, మామా,” అన్నాను.

“ఆగు. పినతల్లి గుడారం ఇక్కడే ఉండేది,” అంది.

ఆ రోజు నుంచి సాగనంపడం కాలినడకన మొదలైంది. అక్కను చెల్లెలు దిగబెట్టడం, చెల్లెలిని అక్క దిగబెట్టడం, మధ్యలో నేను చెయ్యి అడ్డం పెట్టడం. కారులో మూడు చుట్లతో ఆగేది, నడకలో ఐదుకు పెరిగింది. అడ్డదారిన వచ్చేవాళ్ళకు స్పీడ్ బ్రేకర్ల కన్నా ఈ ఇద్దరే పెద్ద ఆటంకమయ్యారు. నెల తిరిగేసరికి వాళ్ళలో చాలామంది సిగ్నళ్ళ దారికే మళ్ళారు.

చలికాలం వచ్చింది. ఒక శుక్రవారం భోజనాల తరువాత బాబా తల్లి దగ్గర నా విషయం ఎత్తాడు. నేను గుమ్మం బయట కాఫీ ఫ్లాస్కుతో నిలబడి ఉన్నాను. అమ్మా, నీకు కారు ఇంకా కావాలా అని ఆయన అడిగాడు. ఆసుపత్రికి పిల్లల కారు సరిపోతుంది కదా అన్నాడు. ఆమె జవాబు నాకు స్పష్టంగా వినిపించింది. డ్రైవరును వాళ్ళ భాషలో దరేవల్ అంటారు.

“కారు అక్కర్లేదు. దరేవల్ కావాలి.”

కారు అమ్మేశారు. నా ఐడీ రెండేళ్ళకు రెన్యూ అయింది. దాని మీద ఉద్యోగం డ్రైవరనే ఉంది. గోదావరి మిత్రుడు కార్డు తీసుకొని ముందూ వెనకా చూసి, “నడవడానికి లైసెన్సు తీసుకున్నారా అండి?” అన్నాడు.

ఆ రెండేళ్ళలో వీధి మారింది. పిల్లల సైకిళ్ళు బయటికి వచ్చాయి. కాలిబాట మీద నాటిన వేప మొక్కలు నడుమెత్తు పెరిగాయి. మగవాళ్ళు ఇళ్ళ ముందు కుర్చీలు వేసుకోసాగారు. ఇంత మంచి జరిగినా నాకు ఒకటి తక్కువైంది. నేను ముందు నడిచేవాణ్ణి. వాళ్ళు నాలుగు అడుగుల వెనక మాట్లాడుకుంటూ వచ్చేవారు. ఆ మాటలు నాకు వినిపించేవి కావు. ఏ కోడలి కాఫీ ఎలా ఉందో, పళ్ళెంలో ఈసారి ఏ వంటకం చేరిందో తెలిసేది కాదు. వెనక అద్దంలో ఒకరి భుజం మీద ఒకరు వాలి నవ్వే ఆ ఇద్దరు ముసలమ్మలు ఆ రెండేళ్ళూ నాకు కనిపించలేదు.

అమ్మాయి చదువు పూర్తయి ఉద్యోగంలో చేరింది. గడువు దగ్గరపడినప్పుడు బాబా మళ్ళీ రెన్యూ చేయించమంటావా అని తనే అడిగాడు. వెళ్తానన్నాను. ఆ సంగతి తెలిసి మామా కబీరా కినిసింది. నువ్వు పోతే కార్లను ఎవరు ఆపుతారని అడిగింది. సాయంత్రం చూపిస్తానన్నాను.

సాయంత్రం ఇటుకల అంచున, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాను. మసీదు వైపు నుంచి వచ్చిన కారు చాలా ముందుగానే ఆగింది. బంకు వైపు నుంచి వచ్చినదీ ఆగింది. ఆమె నడిమధ్యకు వచ్చి నా వైపు తిరిగింది.

“చేతులకేమైంది?”

“ఏమీ కాలేదు మామా. ఇప్పుడు వాళ్ళంతట వాళ్ళే ఆగుతున్నారు.”

ఆమె రెండు కార్లనూ పరీక్షగా చూసింది. ఒక డ్రైవరు, దాటండి అన్నట్లు వేళ్ళు కదిపాడు.

“అయితే వెళ్ళు,” అంది.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం నేను కాఫీ ఫ్లాస్కు పట్టుకొని గేటు దగ్గరికి వచ్చేసరికి, పిల్లల కారు ముందు ఆమె నిలబడి ఉంది. తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది. అటువైపు నుంచి చెల్లెలు ఎవరి సాయం లేకుండా రోడ్డు దాటి వచ్చింది. ఇద్దరూ వెనక సీట్లో కూర్చొని తలుపు వేసుకున్నారు.

“ఎక్కడికి మామా?”

“ఎదురింటికి.”

కుడివైపు తిప్పి బంకు దారి పట్టాను. ఇప్పుడు ముప్పై దాటకూడదు కనుక ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా ఆగినంత పని చేయాల్సి వచ్చింది. ఒకప్పుడు నాలుగు నిమిషాలు పట్టని దారి అది. షువై షువై, మెల్లగా పోనీ అని మామా కబీరా వెనక నుంచి హెచ్చరించింది. మెల్లగానే పోతున్నానన్నాను. వెనక ఎవరూ హారన్ కొట్టలేదు. రౌండెబౌట్ చుట్టి వస్తుండగా చెల్లెలు తన చిన్న కోడలి సంగతి ఎత్తుకుంది. ఈమధ్య కాఫీలో యాలకులు ఎక్కువ వేస్తున్నది ఆమేనని ఆ రోజు నాకు తెలిసింది.