కడాన నిలబడే పోటీ

ఆ రోజుల్లో లోకం బాగుపడకపోవడానికి ఒకే ఒక్క కారణం ఉందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి: లోకం ఇంకా నా ఉపన్యాసం వినలేదు. విన్న మరుక్షణం మూఢత్వమంతా దులుపుకుని బుద్ధిగా వరుసలో నిలబడుతుందని నా ధీమా. తర్వాత లోకం విన్నది. విని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, టీ ఏమైనా ఉందా అని అడిగి, వెళ్ళిపోయింది. మనుషులు మారతారన్న ఆశ నాలో ఎక్కడ ఎండిపోయిందా అని వెతుక్కుంటూ వెనక్కి వెళితే, ప్రతిసారీ చిత్తూరులో ఒక వీధి కొళాయి దగ్గరికి చేరి ఆగిపోతాను.

డెబ్బైల చివర్లో మాట. నాకు కొత్తగా గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం కంటే ముందే హేతువాద సంఘం పెట్టాను. సభ్యులం ముగ్గురం. (మూడో ఆయనది నా గది కింద టీ అంగడి. చర్చ ఎంతసేపు సాగితే అన్ని టీలు చెల్లేవి కాబట్టి మా సిద్ధాంతాలన్నీ ఆయన ఎదురుమాట లేకుండా ఒప్పుకునేవాడు.) మా వీధి మొత్తానికి మునిసిపాలిటీ కొళాయి ఒకటే. తెల్లవారుజామున నీళ్ళు వచ్చేవి, పాలవాడు వీధి దాటేలోగా ఆగిపోయేవి. అందుకని ముందురోజు సాయంత్రమే వరుస మొదలయ్యేది. వరుసలో మనుషులు ఉండరు. చిల్లు బిందె, మూతి పగిలిన కుండ, సున్నం బొట్టు పెట్టిన రాయి, ఇవే నిలబడేవి. ఎవరి రాయి వాళ్ళ పరువు. రాయి జానెడు జరిగిందంటే తిట్లు తాతముత్తాతల దాకా వెళ్ళేవి. ఒకరోజు మా ఓనరమ్మా, ఎదురింటి నెయ్యంగడి ఆవిడా ఇత్తడి బిందెలతోనే వాదించుకున్నారు. నెయ్యంగడి ఆవిడ నుదుటికి కుట్లు పడ్డాయి.

మునిసిపాలిటీ మేస్త్రీ వచ్చి వీధినంతా నిలబెట్టి ఒకే మాట చెప్పాడు. "ఇంగొక్క గలాటా అయిందంటే కొళాయి పీకి పక్క వీధిలో పెడ్తా. సెప్పలేదనొద్దండి." పక్క వీధి మిట్ట మీద ఉంది. నిండు బిందెతో ఆ మిట్ట దిగడమంటే ఏమిటో వీధిలోని ముసలమ్మలకు, నెలలు నిండిన కోడళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అందరి ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. నాకు మాత్రం లోలోపల పండగ. ఇంతకాలానికి లోకం నా ఉపన్యాసం అవసరమైన స్థితికి వచ్చింది!

ఆదివారం కొళాయి గట్టెక్కి మాట్లాడాను. వరుస అన్నది నాగరికతకు వెన్నెముక అన్నాను. తర్కానికి దేవుడి సాయం అక్కర్లేదన్నాను. అందరూ తలలూపారు. నేను మంచినీళ్ళు తాగడానికి ఆగాను. (అదే పొరపాటు.) మా ఓనరమ్మ లేచింది. "అబ్బోడా, నువ్వు సెప్పేది శానా బాగుండాది. ఆ యమ్మి నా రాయిని యాడికి తోసిందో రొంత అడుగు ముందర." "నీ రాయి నేనెందుకు తోస్తా మే? నీ రాయి మొగం ఎవురు సూసినారు?" అంది నెయ్యంగడి ఆవిడ. నాగరికత వెన్నెముక అక్కడికక్కడే విరిగింది. ఆ గలాటా లెక్కలోకి రాకపోవడానికి కారణం ఒక్కటే: ఆదివారాలు మేస్త్రీకి సెలవు.

కొళాయిని ఆనుకుని ఉన్న ఇల్లు స్తోత్రమత్తది. కనబడిన ప్రతివాళ్ళకీ చేతులు జోడించి "స్తోత్రం" అనేది కాబట్టి వీధి పెట్టిన పేరు. మిషన్ బడిలో పిల్లలకు కుట్లు నేర్పే వితంతువు. మొదట్లో ఆమె ముట్టిన కొళాయిని ఈ ఆడవాళ్ళే చింతపండు వేసి తోమేవాళ్ళు. ఆమె చూసి కూడా "స్తోత్రం" అనేది. ఆమె ఎప్పుడు మతం ఎత్తుతుందా, ఎప్పుడు ఖండిద్దామా అని నేను వాదాలు నూరుకుని సిద్ధంగా ఉండేవాణ్ణి. ఆమె నన్ను చూడగానే "తిన్నావా నాయనా?" అనేది. దానికి ఖండన నా దగ్గర లేదు.

గుమ్మం పక్కనే కొళాయి కావడంతో వరుసలో ఎప్పుడూ ఆమె బిందే ముందు. నా ఉపన్యాసం విఫలమైన మర్నాడు ఆమె ఆ బిందె తీసుకుని వరుస చివరిదాకా నడిచి అక్కడ పెట్టింది. అప్పటిదాకా చివరనున్న ముసలమ్మతో "నువ్వు ముందరికి పో అవ్వా" అంది. వీధి నివ్వెరపోయింది. "ఏందో మతలబు ఉండాది" అన్నారు. మర్నాడూ అంతే. కొన్ని రోజులు ఆమె వంతు రాకముందే నీళ్ళు ఆగిపోయేవి. ఖాళీ బిందె చంకన పెట్టుకుని ముఖంలో ముడత లేకుండా ఇంట్లోకి పోయేది. ఆ ఖాళీ బిందెను వీధి భరించలేకపోయింది.

"ముందరుండేదానివి కడాకు పోతావెందుకత్తా?" అని మా ఓనరమ్మే అడిగింది.

"మా ప్రభువు కడాన ఉండేటోళ్ళ పక్కన నిలబడినాడమ్మా. నేను ముందర నిలబడితే ఆయన నాకు కనబడడు. అంతే."

నేను ఊరుకోలేదు. "అత్తా, అందరూ ఇట్లే కడాకు పోతే నీళ్ళు పట్టేదెవరు? ఇది నియమంగా నిలవదు" అన్నాను. ఆమె పడీ పడీ నవ్వింది. "అందురూ యాడ పోతారు నాయనా! నువ్వొకడివి."

పోయారు. అదే కదా నా దుఃఖం. నెల తిరక్కుండా నెయ్యంగడి ఆవిడ తన రాయి వెనక్కి జరిపింది. అది చూసి మా ఓనరమ్మ ఇంకా వెనక్కి జరిపింది. "ముందర నువ్వు పట్టుకోక్కా" అన్న మాట మా వీధిలో వినబడింది. నేను చేయలేనిది ఒక ఖాళీ బిందె చేసిందని రాత్రంతా కుమిలిపోయాను. (టీ అంగడి ఆయన నన్ను ఓదార్చి రెండు టీలు అమ్ముకున్నాడు.) అయితే మా వాళ్ళు ఏ మంచినైనా రెండో వారానికి పందెంగా మార్చేయగలరు. చీకటి పడ్డాక దొంగచాటుగా వచ్చి తమ రాళ్ళు వెనక్కి మార్చేవాళ్ళు బయలుదేరారు. వరుస తోక సందు మలుపు తిరిగింది. కొళాయి ముందర మాత్రం ఎవరూ లేరు.

ఒక ఉదయం నీళ్ళు వచ్చాయి. కొళాయి తెరిచి ఉంది, కింద బిందె లేదు.

"పట్టుకో మే" అంది మా ఓనరమ్మ, నెయ్యంగడి ఆవిడతో.

"నువ్వు పట్టుకో. నేను కడాన వచ్చినా."

"నువ్వా కడాన? నిన్న రేత్రి నా రాయి ఎనక్కాల నీ రాయి పెట్టింది ఎవురు? నీకంటే నేనే కడాకు నిలబడినా!"

"పెద్ద వొచ్చినావులే తగ్గేదానివి! నీకు పొగురు. నీకంటే తగ్గినోళ్ళు వీధిలో లేరనుకుంటాండావు!"

జుట్లు కలిశాయి. నీళ్ళు కాలవలోకి పోతున్నాయి. స్తోత్రమత్త సందు చివరినుంచి పరుగెత్తుకొచ్చి తన బిందె కొళాయి కింద పెట్టింది. "ఎవురో ఒకరు పట్టుకోండమ్మా! పట్టుకునేది పాపం కాదు!" అని మొత్తుకుంది. వినేవాళ్ళు లేరు. సగం బిందె నిండేసరికి నీళ్ళు ఆగాయి. తలెత్తి చూస్తే మేస్త్రీ సైకిలు దిగుతున్నాడు.

సంగతంతా విని ఆయన కాసేపు తల గోక్కున్నాడు. "నాకు నాకు అని కొట్టుకునేది సూసినా. నీకు నీకు అని కొట్టుకునేది ఈడనే సూస్తాండా. అయినా గలాటా గలాటానే కదప్పా" అన్నాడు. నేను ముందుకు వెళ్ళి తర్కం మొదలుపెట్టాను. మర్నాడే కొళాయి పీకేశారు.

అప్పుడిక అందరం మిట్ట ఎక్కాం. పక్క వీధి వాళ్ళు మమ్మల్ని కడాన నిలబెట్టారు. ఎవరూ పోటీ పడలేదు. అడగకుండానే దక్కిన కడ ఎవరికీ రుచించలేదు. "అంతా ఈమె వల్లనే" అని స్తోత్రమత్తను తిట్టుకున్నారు. ఆమె వినబడనట్టే తన బిందె అందరి వెనక పెట్టేది. ప్రేమా ఓడింది, తర్కమూ ఓడింది, గెలిచింది మిట్ట ఒక్కటే అని నేను మా సంఘాన్ని మూసేశాను. కానీ ఒక తెల్లవారుజామున నా బిందె మోసుకుంటూ దిగుతుంటే ముందర మా ఓనరమ్మ మోకాలు పట్టుకుని కూలబడింది. నుదుటి మీద కుట్ల మచ్చతో నెయ్యంగడి ఆవిడ వెనక్కి తిరిగి వచ్చి, ఆ బిందెను తన రెండో చంకన పెట్టుకుని, మాటా పలుకూ లేకుండా మిట్ట దిగిపోయింది. ఎవరూ చూడలేదు. (నేను చూశాను. కానీ సాక్ష్యం చెప్పే మతం కాదు నాది.)

ఈమధ్య తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు కోసం వరుసలో ఉన్నాను. నా వెనక ఒక ముసలావిడ, మూట. "ముందరికి పోండి అవ్వా" అన్నాను. ఆమె వెనక ఒక చంటిబిడ్డ తల్లి, ఆమెనూ పంపాను. ఎక్కబోతూ ఆ తల్లి వెనక్కి తిరిగి, "మీరు ప్రభువును నమ్ముకున్నోళ్ళా సార్?" అంది. ఏళ్ళ తరబడి నూరుకున్న వాదాలన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. నేను నాస్తికుణ్ణని, దీనికి కేవలం మానవత్వమే ఆధారమని, సావకాశంగా వివరించడానికి గొంతు సవరించుకున్నాను. ఈలోగా బస్సు నిండిపోయి కదిలింది. కిటికీలోంచి ముసలావిడ చేతులు జోడించింది. నేను కూడా చేతులు జోడించి, అటూ ఇటూ చూసి, ఎవరికీ వినబడకుండా స్తోత్రమత్త పాత మాటే అన్నాను.